బట్టీ తెరవకుండా లోపలి సంగతి

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘఢ్వా పనివాళ్లు ఇత్తడి బొమ్మలు పోసేటప్పుడు, మూసనూ లోహపు ముక్కలున్న మట్టి గిన్నెనూ ఒకటిగా కలిపి మట్టితో మూసేస్తారు. లోహం కరిగిందో లేదో తెరిచి చూడటం కుదరదు. బయటికొచ్చే మంట రంగును బట్టి పోల్చుకుంటారు.

సంలీన రియాక్టర్‌లోనూ (తేలిక కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే యంత్రం) లోపలికి తొంగిచూడలేం. భారత్‌తో సహా ఏడు పక్షాలు దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్‌లో ఇంధనం సుమారు 15 కోట్ల డిగ్రీలకు చేరాలి. అంత వేడిని ఏ పాత్రా తాళదు. అందుకే అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచుతారు.

డ్యుటీరియం, ట్రిటియం (రెండూ హైడ్రోజన్ రకాలే) కలిస్తే రెండు కణాలు పుడతాయి. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, నేరుగా గోడలోకి దూసుకుపోతుంది. ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం) మాత్రం లోపలే తిరుగుతూ తన వేడిని ఇంధనానికి పంచాలి. దాని వేగం సెకనుకు సుమారు 13,000 కిలోమీటర్లు. పొయ్యి ఆరకుండా ఉండేది ఎక్కువగా ఈ సెగతోనే.

కానీ కొన్ని ఆల్ఫా కణాలు జారిపోతాయి. ఇటర్ చుట్టూ ఉండే 18 పెద్ద అయస్కాంతాల నడుమ క్షేత్రం కాస్త సడలుతుంది. ఇంధనంలో లేచే అలల లయ కణాల లయతో కలిసినా అవి జారిపోతాయి. ఊయలను సరైన క్షణంలో తోసినట్టు, అల ప్రతిసారీ కణాన్ని కొంచెం బయటికి నెడుతుంది. అవన్నీ గోడలో ఒకే చోట తగిలితే అక్కడ లోహం కరగవచ్చు. 1990లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యంత్రంలో ఇలా తప్పించుకున్న కణాలు గోడను దెబ్బతీశాయి.

ఆ కణాలను పట్టే పరికరం చూపుకు చిన్న డబ్బా. దానికి సన్నని చీలిక, లోపల సింటిలేటర్ పలక (కణం తగిలితే వెలిగే పూత) ఉంటాయి. ఆవేశం ఉన్న కణం అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతుంది. వేగం ఎక్కువైతే మెలిక పెద్దది, కాబట్టి చీలికకు దూరంగా పడుతుంది. ఏ వాలుతో వచ్చిందో దాన్ని బట్టి మరో దిశలో పక్కకు జరుగుతుంది. అంటే వెలుగు చుక్క ఎక్కడుందో చూస్తే కణం శక్తి, వాలు రెండూ తెలుస్తాయి. నాకు బాగా నచ్చేది ఇంకొకటి. చుక్క మిణుకుమనే లయను అలల లయతో పోలిస్తే, కణాన్ని తోసిన అల ఏదో కూడా బయటపడుతుంది.

కష్టమంతా డబ్బాను ఎక్కడ ఉంచాలన్న దగ్గరే. ఇటర్‌లో ఆల్ఫా మెలిక వ్యాసార్థం సుమారు 5 సెంటీమీటర్లు. గోడ చాటున మరీ వెనక్కి పెడితే కణాలు గోడకే తగిలి ఆగిపోతాయి. మరీ ముందుకు జరిపితే డబ్బా కాలిపోతుంది. వేడెక్కిన పలక మసకబారుతుంది, ఆ వెలుగును బయటికి చేర్చే గాజు తంతువులు న్యూట్రాన్ల తాకిడికి నల్లబడతాయి. అందుకే ఇటర్ కోసం కదిలే డబ్బా గురించి ఆలోచిస్తున్నారు: కొద్ది క్షణాలు ముందుకు వచ్చి, కొలిచి, కాలకముందే వెనక్కి వెళ్లిపోయేది.