మీకు తెలుసా? డబ్బు కాల్వకూ గేట్లుంటాయి!

నందికొండ వాళ్లకు గేటు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడి నాగార్జునసాగర్ డ్యాంకు 26 క్రస్ట్ గేట్లు. ఎడమ కాల్వ కింద నాట్లు పడాలంటే హెడ్ రెగ్యులేటర్ గేటు లేవాలి. ఇంటర్నెట్‌లో డబ్బు పారే దారికీ ఇలాంటి గేట్లున్నాయి. వాటి తాళాలు కార్డు కంపెనీలు, బ్యాంకుల దగ్గరుంటాయి. ఆ సంగతి గట్టిగా తెలిసొచ్చింది ‘పెద్దలకు మాత్రమే’ అనే సైట్ల యజమానులకు.

● సాగర్ డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. సరిగ్గా 65 ఏళ్ల తర్వాత, 2020లో అదే తేదీన, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు పోర్న్‌హబ్‌లో తమ కార్డులు పనిచేయకుండా ఆపేశాయి. అందులో మైనర్ల వీడియోలు, అత్యాచార వీడియోలు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ రాసి అప్పటికి వారం కూడా కాలేదు. ఎవరు పెట్టారో ధ్రువీకరణ లేని లక్షలాది వీడియోలను ఆ సైటు నాలుగు రోజుల్లోనే తీసేసింది.

● ఇలాంటి వీడియోల గురించి హైదరాబాద్ అంతకు ఐదేళ్ల ముందే గొంతెత్తింది. 2015 ఫిబ్రవరిలో అక్కడి ప్రజ్వల సంస్థ అత్యాచార వీడియోలున్న పెన్‌డ్రైవ్‌ను జతచేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. ఇలాంటి వీడియోలపై ఫిర్యాదుకు 2018లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ రావడం వెనక ఆ కేసు ఉంది.

● 2021 అక్టోబర్ 15 నుంచి మాస్టర్‌కార్డ్ నిబంధనలు మరింత బిగిశాయి. వీడియోలో కనిపించే వాళ్ల వయసు, గుర్తింపు, సమ్మతి పత్రాలతో సహా ఉండాలి. పెట్టేముందే పరిశీలించాలి. ఫిర్యాదు వస్తే ఏడు పనిదినాల్లో తేల్చాలి. ఇవి న్యాయమైన షరతులే. కాకపోతే పెద్ద కంపెనీ ఇందుకు సిబ్బందిని పెట్టుకోగలదు, ఒక్కడే నడుపుకునే చిన్న సైటుకు అది మోయలేని బరువు.

● అదే ఏడాది ఆగస్టు 19న, చందాదారులకు వీడియోలు అమ్ముకునే వేదిక ఓన్లీఫ్యాన్స్ లైంగిక దృశ్యాలను నిషేధిస్తామంది. కారణం బ్యాంకులేనని దాని వ్యవస్థాపకుడు చెప్పాడు. ఆరు రోజులకు ఆ నిర్ణయం వెనక్కి పోయింది. ఆ ఆరు రోజులూ దాని మీదే బతికేవాళ్లు ఎలా గడిపారో ఊహించండి.

● ‘మ్యాచ్’ అనే జాబితా ఒకటుంది. నిబంధనలు మీరాడని బ్యాంకు ఖాతా మూసిన వ్యాపారి పేరు అందులో ఎక్కితే ఐదేళ్లు ఉంటుంది. ఇంకో బ్యాంకుకు వెళ్లినా, ముందు చూసేది ఆ జాబితానే.

● మన దగ్గర చట్టమే అడ్డుగోడ. ఐటీ చట్టం సెక్షన్ 67ఎ ప్రకారం లైంగిక దృశ్యాలను ప్రచురిస్తే మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. అయితే సైన్సు, సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజాహితంగా చేసినవాటికి అదే చట్టం మినహాయింపునిచ్చింది.

● 2025 జులైలో ఇచ్.ఐఓ అనే గేముల సైటు, చెల్లింపు సంస్థల ఒత్తిడికి, పెద్దల గేములన్నింటినీ వెతికినా దొరక్కుండా దాచేసింది. తయారుచేసినవాళ్లకు ముందుగా ఒక్క మాటైనా చెప్పలేకపోయామని ఒప్పుకుంది.

● డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వాటికి డబ్బు చేరవేయొద్దని బ్యాంకులను కట్టడి చేసింది. ఇక్కడ గేటు దించింది చట్టసభ. కాదనుకున్నవాళ్లు కోర్టు తలుపు తట్టొచ్చు. కార్డు కంపెనీ గేటు దించితే వెళ్లి అడిగే చోటేదీ?

ఒకరి సమ్మతి లేని వీడియోకు డబ్బు ఒక్క గంట కూడా పారకూడదు. ఆ గేటు వెంటనే పడాల్సిందే. తప్పు చేయనివాడి గేటు దించేటప్పుడు మాత్రం కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, గడువివ్వాలి, వాదన వినాలి. నీళ్లు తక్కువున్న ఏడు కూడా సాగర్ రైతుకు కాల్వ ఏ రోజు వదులుతారో, ఏ రోజు కడతారో ముందే చెప్తారు.