మీకు తెలుసా? బిళ్ల వేసి ఆడిన ఆటలు

1978లో జపానీయుడైన తోమొహిరో నిషికాడో నిర్మించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో తోరు ఇవతాని సృజించిన ‘ప్యాక్‌మన్’ వీడియో ఆటశాలలకు జగద్విఖ్యాతిని ఆర్జించిపెట్టినవి. తొంబదులలో మన పట్టణములందు టోకెను వేసి, నిలువెత్తు పెట్టె యెదుట గుమిగూడి బాలురు ఆడిన ఆటలలో మిక్కిలి జనప్రియమైనది ‘ముస్తఫా’. 1993లో క్యాప్‌కామ్ సంస్థ వెలువరించిన ఈ క్రీడ అసలు నామము ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అందలి నలుగురు వీరులలో ఒకడైన ముస్తఫా కైరో పేరిటనే అది మనవారి నోట నిలిచెను.

ఇంటి టెలివిజనుకు తగిలించు యంత్రములు ఆ పెట్టెలకు దీటైన చిత్రములను చూపసాగిన నాటినుండియే ఆటశాలల క్షీణత ఆరంభమయ్యెను. పిమ్మట 2016 సెప్టెంబరులో జియో సంస్థ వారి చౌక ఫోను డేటా వచ్చినది. దానితో రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండలకేంద్రమైన రుద్రంగి వంటి ఊళ్లకు, కోరుట్లకో సిరిసిల్లకో పోవు పని లేకయే ఆట అరచేతికి అందెను. 2018లో పబ్జీ మొబైలు అను ఫోను ఆట వచ్చి, 2020లో మన దేశమున నిషిద్ధమై, మరుసటి యేట బీజీఎంఐ అను పేరుతో పునరాగమించినది.

అయినను హైదరాబాదు మాళ్లలో స్టీరింగు పట్టి కూర్చుండు కారు పందెములు, తుపాకి గురి యాటలు, ఎయిర్ హాకీ, 1998లో కొనామీ సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతిలో కాళ్లతో తొక్కు నృత్యవేదికలు నేటికిని జనాకర్షకములే. దేహమంతయు శ్రమించు క్రీడను ఫోను ఈయజాలదు. ముస్తఫా సైతము నేడు ఎమ్యులేటరు (అనుకరణ సాఫ్ట్‌వేరు) ద్వారా ఫోనులలో లభించుచున్నది గాని, ఒకే పెట్టె ముందు ముగ్గురు ఏకకాలమున ఆడుటలోని యానందము అందు లేదని నా దృఢమైన యభిప్రాయము.