ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేయించారా? ఆ బంగారు రంగు ముక్క ఎక్కడ బిగించారో ఓసారి చూడండి!

పాత బల్బులు తీసేసి కారుకు ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అయితే చాలా బండ్లలో వెంటనే ఒక సమస్య వస్తుంది. ఇండికేటర్ టకటకా స్పీడ్‌గా కొట్టుకుంటుంది. పాత బల్బు 21 వాట్లు తీసుకునేది, ఎల్‌ఈడీకి అందులో కొంచెం చాలు. కరెంట్ తగ్గేసరికి బల్బు పోయిందనుకుని ఫ్లాషర్ డ్రైవర్‌ను అలర్ట్ చేస్తుందన్నమాట.

దీనికి మెకానిక్‌లు వేసేదే లోడ్ రెసిస్టర్. బంగారు రంగు అల్యూమినియం కవచంతో ఉంటుంది. మీద 50 వాట్లు, 6 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. ఎల్‌ఈడీకి ప్యారలల్‌గా కలిపితే స్పీడ్ సెట్ అయిపోతుంది. కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 వోల్టులు వస్తాయి. ఆ లెక్కన 6 ఓమ్‌ల రెసిస్టర్‌లో 30 వాట్లు వేడిగా మారతాయి. టీవీ రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! ఇండికేటర్ వెలిగి ఆరుతుంది కాబట్టి సగటున ఇందులో సగం అనుకోవచ్చు. అదే బ్రేక్ లైట్‌కు పెడితే, ట్రాఫిక్‌లో బ్రేక్ మీద కాలు ఉన్నంతసేపూ 30 వాట్లూ కాలుతూనే ఉంటాయి. ఎల్‌ఈడీతో ఆదా అయిన కరెంట్ అంతా ఇలా వేడిగా పోయినట్టే.

మరి 50 వాట్లని రాసి ఉంది కదా, 30కి భయమెందుకు? ఆ 50 లెక్క, రెసిస్టర్‌ను తగినంత పెద్ద మెటల్ ప్లేట్‌కు బిగించినప్పుడే. వైర్లకు వేలాడదీస్తే అందులో సగం కూడా తట్టుకోదు. పైగా ఆ రేటింగ్ ఇచ్చేది మామూలుగా 25 డిగ్రీల దగ్గర. మన మే నెల ఎండలో నిలబెట్టిన కారు సంగతి చెప్పక్కర్లేదు.

టేప్ చుట్టి వైర్ల కట్టలో దూర్చడం, ప్లాస్టిక్ బంపర్‌కు అంటించడం అన్నింటికంటే ప్రమాదం. వైర్ల పైతొడుగు కరిగితే షార్ట్ సర్క్యూటే. రెసిస్టర్‌కు ఉన్న రెండు రంధ్రాల్లో స్క్రూలు వేసి కారు బాడీ మెటల్‌కు గట్టిగా బిగించాలి. మధ్యలో థర్మల్ పేస్ట్ రాస్తే వేడి త్వరగా లాగేస్తుంది. వైర్లు, ప్లాస్టిక్ దూరంగా ఉండాలి. హజార్డ్ లైట్లు వాడిన వెంటనే చేత్తో ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.

బైకులు, విడిగా ఫ్లాషర్ రిలే ఉన్న పాత కార్లకైతే ఈ తలనొప్పే అక్కర్లేదు. ఎల్‌ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మారిస్తే చాలు. కొత్త కార్లలో ఇండికేటర్‌ను కంప్యూటరే నడుపుతుంది కాబట్టి, ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి వైరింగ్ ముట్టుకోవడం మంచిది.