వేళ్లకు తెలిసిన దారి: మ్యాక్‌బుక్ టచ్ బార్ ఎందుకు నిలవలేదు?

2016 అక్టోబర్ 27న కాలిఫోర్నియాలోని కూపర్టినోలో యాపిల్ సంస్థ కొత్త మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌ను ప్రకటించింది. కీబోర్డు పై వరుసలో ఎడమ చివర ఉండే ఎస్కేప్ కీ, దాని పక్కన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే ఫంక్షన్ కీలు దాని ఎక్కువ మోడళ్లలో కనిపించలేదు. వాటి చోట ఒక సన్నని పట్టీ వెలుగుతూ ఉంది. ముట్టుకుంటే పనిచేసే తెర అది. పేరు టచ్ బార్. వేదిక మీద దాన్ని చూపించినప్పుడు చప్పట్లు మోగాయి. సరిగ్గా ఏడేళ్లకు, 2023 అక్టోబర్‌లో, టచ్ బార్ ఉన్న చివరి మ్యాక్‌బుక్‌ను కూడా యాపిల్ అమ్మకాల నుంచి తప్పించింది.

డబ్బుకు, నైపుణ్యానికి లోటు లేని సంస్థ తయారుచేసిన వస్తువు ఇది. చూడటానికి అందంగా ఉండేది, చెప్పిన పని చేసేది కూడా. అయినా ఎందుకు నిలవలేదు? జనానికి కొత్తదనం నచ్చదని కొందరు తేలిగ్గా అనేశారు. వాడినవాళ్లు చెప్పిన మాటలు నిదానంగా విడదీసి చూస్తే అసలు కారణం వేరే ఉందని తెలుస్తుంది.

యాపిల్ ఆలోచన ఏమిటి?

ముందుగా యాపిల్ వాదాన్ని న్యాయంగా విందాం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డుకు ఎడమవైపు పది ఫంక్షన్ కీలు ఉండేవి. 1980ల మధ్యలో అవి పన్నెండై, పై వరుసలోకి వచ్చాయి. అప్పటి నుంచి దాదాపు ప్రతి కంప్యూటర్‌కూ అదే అమరిక. వాటి మీద ఎఫ్1, ఎఫ్2 అని అంకెలు ఉంటాయి తప్ప అవి ఏ ప్రోగ్రామ్‌లో ఏ పని చేస్తాయో రాసి ఉండదు. ఒక ప్రోగ్రామ్‌లో ఎఫ్5 నొక్కితే ఒకటి జరుగుతుంది, ఇంకో ప్రోగ్రామ్‌లో మరొకటి. చాలామంది వాటిని ధ్వని, వెలుతురు పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికే వాడతారు. అంత విలువైన చోటు అలా ఊరికే పోవడమెందుకు, చేస్తున్న పనిని బట్టి మారే మీటలు అక్కడే ఉంటే బాగుంటుంది కదా అని యాపిల్ అనుకుంది.

అనుకున్నది శ్రద్ధగానే చేసింది. పట్టీకి 2170 అడ్డం, 60 నిలువు పిక్సెళ్ల ఓఎల్‌ఈడీ తెర పెట్టింది. దాన్ని నడపడానికి టీ1 అనే ప్రత్యేకమైన చిప్ తయారుచేసింది. సఫారీ బ్రౌజర్ తెరిస్తే తెరిచి ఉన్న ట్యాబ్‌ల చిన్న బొమ్మలు పట్టీ మీద కనిపించేవి. సందేశం రాస్తుంటే ఎమోజీలు వచ్చేవి. ఫైనల్ కట్‌లో వీడియో కూర్చేటప్పుడు టైమ్‌లైన్ అక్కడే పరుచుకునేది. ఎఫ్ఎన్ కీ నొక్కి పట్టుకుంటే పాత ఎఫ్1, ఎఫ్2 వరుస బొమ్మలుగా ప్రత్యక్షమయ్యేది. కుడి చివర వేలిముద్ర గుర్తుపట్టే టచ్ ఐడీ బటన్ ఉండేది.

మెచ్చుకున్నవారు, నొచ్చుకున్నవారు

దీన్ని మెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. కీబోర్డు షార్ట్‌కట్‌లు ఎప్పుడూ నేర్చుకోని మామూలు వాడుకరులకు, మెనూల లోపల ఎక్కడో దాగి ఉండే ఆదేశాలు కళ్లెదుట కనిపించడం సౌకర్యంగా అనిపించింది. వీడియోలో ముందుకూ వెనక్కూ వేలితో జరుపుకుంటూ వెళ్లడం, ఫొటోషాప్‌లో బ్రష్ సైజును మెల్లగా మార్చుకోవడం కొందరికి నచ్చాయి. ఒక విలువను కొద్దికొద్దిగా పెంచడానికి, తగ్గించడానికి మామూలు మీట కన్నా జారుడు పట్టీయే మేలు. ఆ మాట ఒప్పుకోవాలి.

గట్టిగా నొచ్చుకున్నది ప్రోగ్రామర్లు. వాళ్ల బాధంతా ఎస్కేప్ కీ గురించే. ఐబీఎంలో పనిచేసిన బాబ్ బెమర్ 1960లో రూపమిచ్చిన కీ అది. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటర్‌లో, దాని వారసుడైన విమ్‌లో, అక్షరాలు టైప్ చేసే స్థితి నుంచి ఆదేశాలిచ్చే స్థితికి వెళ్లాలంటే ఎస్కేప్ నొక్కాలి. రోజంతా కోడ్ రాసేవారి చిటికెన వేలు లెక్కలేనన్ని సార్లు ఆ మూలకు వెళ్లొస్తుంది. అలాంటి మీట నిజంగా నొక్కగలిగేదిగా కాక తెర మీద బొమ్మగా మారిపోయింది. నొక్కానా లేదా అన్నది వేలికి తెలిసే దారి లేదు. క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకునే సదుపాయాన్ని యాపిల్ తన మ్యాక్ ఓఎస్ సియెర్రాలో ఇచ్చింది. చాలామంది దానితో సర్దుకున్నారు. హైదరాబాద్‌లో అయినా శాన్‌ఫ్రాన్సిస్కోలో అయినా మ్యాక్ మీద కోడ్ రాసే ఇంజినీర్లకు ఈ ఇబ్బంది ఒక్కటే.

రెండో ఫిర్యాదు పొరపాటున తగలడం. మామూలు మీట మీద వేలు ఆనించి ఉంచినా ఏమీ కాదు, నొక్కితేనే పని జరుగుతుంది. టచ్ బార్‌కు ఆ ఓపిక లేదు, తగిలితే చాలు. మొదట్లో, మాట విని పనిచేసే సహాయకి సిరిని పిలిచే బటన్ డిలీట్ కీకి కాస్త పైన ఉండేది. తప్పు దిద్దబోయిన వేలు దానికి తగిలి సిరి లేచి కూర్చునేది. సెట్టింగుల్లో ఆ బటన్‌ను వేరే చోటికి జరుపుకోవచ్చు. కానీ జరుపుకోవాల్సిన అవసరం రావడమే అసలు ఫిర్యాదు.

ఇక్కడొక సంగతి విడిగా చెప్పుకోవాలి. 2016 మ్యాక్‌బుక్ ప్రో మీద వచ్చిన కోపమంతా టచ్ బార్ వల్లే కాదు. అదే మోడల్లో యాపిల్ పాత యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులను, ఎస్‌డీ కార్డు స్లాట్‌ను, అయస్కాంతంతో అతుక్కునే మ్యాగ్‌సేఫ్ ఛార్జర్‌ను తీసేసి, అన్నిటికీ యూఎస్‌బీ-సీ ఒక్కటే ఉంచింది. ర్యామ్ 16 జీబీకి మించి దొరకదంది. అడాప్టర్లు కొనుక్కోవాల్సి వస్తోందన్న నిరసన ఎంత పెరిగిందంటే, ప్రకటన వచ్చిన పది రోజుల్లోపే యాపిల్ వాటి ధరలు తగ్గించింది. ఆ కీబోర్డులో ఉన్న బటర్‌ఫ్లై మీటలు దుమ్ము చేరితే మొరాయిస్తుండటంతో 2018లో ఉచిత మరమ్మతు పథకం కూడా ప్రకటించాల్సి వచ్చింది. ధర సంగతి సరేసరి. టచ్ బార్ లేని 13 అంగుళాల మోడల్ అప్పట్లో 1,499 డాలర్లు, ఉన్నది 1,799 డాలర్లు. ఆ తేడాలో మెరుగైన ప్రాసెసర్, అదనపు పోర్టులు కూడా ఉన్నాయి. కొనేవాడి కంటికి కనిపించింది మాత్రం పట్టీయే. మిగతా తప్పుల భారం కూడా కొంత దాని మీదే పడింది.

చేతికి ఉండే జ్ఞాపకం

అయితే టచ్ బార్ నిలవకపోవడానికి ఆ తప్పులు మాత్రమే కారణం కాదు. అసలు కారణం దాని స్వభావంలోనే ఉంది.

వంటింట్లో పోపుల పెట్టెను గుర్తు తెచ్చుకోండి. నూనె కాగుతుంటే అమ్మ చూపు మూకుడు మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆవాల గిన్నెలోకి, జీలకర్ర గిన్నెలోకి తడుముకోకుండా వెళ్తుంది. ఏ గిన్నె ఎక్కడుందో చేతికి తెలుసు. పప్పు చేస్తే ఒక వరుసలో, పులుసు పెడితే ఇంకో వరుసలో ఆ గిన్నెలు వాటంతట అవే చోటు మార్చుకుంటే ఎలా ఉంటుంది? ప్రతిసారీ కావలసినవే ముందుకొస్తాయి, నిజమే. కానీ ప్రతిసారీ తల తిప్పి చూడాలి. ఈలోగా పోపు మాడుతుంది.

టచ్ బార్ కీబోర్డుకు చేసింది ఇదే. టైపింగ్ బాగా వచ్చినవారు మీటల వైపు చూడరు. ఎఫ్, జే అక్షరాల మీద ఉండే చిన్న గీతలు వేళ్లకు తమ చోటు చెబుతాయి. మీట అంచు తగులుతుంది, నొక్కితే కిందికి దిగుతుంది, దిగినట్టు వేలికి తెలుస్తుంది. చూపు మాత్రం తెర మీదే ఉండిపోతుంది. టచ్ బార్‌కు అంచుల్లేవు, దిగడం లేదు, ప్రకంపన లేదు. పైగా ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కు మారగానే దాని మీద ఉన్నవన్నీ మారిపోతాయి. కాబట్టి ఎన్నాళ్లు వాడినా చేతికి దారి అలవాటు కాదు. ధ్వని తగ్గించాలంటే ఇదివరకు చూడకుండానే రెండుసార్లు నొక్కేవారు. ఇప్పుడు చూపు దించి, బొమ్మ వెతికి, వేలు ఆనించి జరపాలి. తెర మీద ఉన్న పని నుంచి దృష్టి ఒకసారి తెగుతుంది.

విచిత్రమేమిటంటే అదే ల్యాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్‌లో నొక్కినట్టు భ్రమ కలిగించే ప్రకంపన ఏర్పాటు ఉంది. కొన్ని అంగుళాల ఎగువన ఉన్న పట్టీకి మాత్రం దాన్ని ఇవ్వలేదు. బయటివాళ్లు రాసిన హాప్టిక్‌కీ అనే చిన్న ప్రోగ్రామ్, పట్టీని ముట్టుకున్నప్పుడల్లా ట్రాక్‌ప్యాడ్‌ను అదిరేలా చేసేది. వాడేవారికి ఏం లోటైందో అదే చెబుతుంది.

చూపు లేనివారికి ఈ లోటు మరీ ఎక్కువ. తెర మీద ఉన్నది చదివి వినిపించే వాయిస్ఓవర్ ద్వారా టచ్ బార్ వాడుకునే వీలు యాపిల్ కల్పించింది. పట్టీ మీద వేలు జరుపుతూ పోతే ఏ బటనో గొంతు చెబుతుంది, తర్వాత రెండుసార్లు తట్టాలి. వీలు కల్పించడం మంచిదే. కానీ తడిమి నొక్కితే ఒక్క క్షణంలో అయిపోయే పని అంచెలంచెలుగా చేయాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ రాసేవారి సందేహం

టచ్ బార్ బతకాలంటే ప్రోగ్రామ్‌లు రాసేవారు దాన్ని ఆసక్తిగా వాడుకోవాలి. మైక్రోసాఫ్ట్, అడోబ్ లాంటి పెద్ద సంస్థలు మొదట్లోనే ముందుకొచ్చాయి. కానీ ఐమ్యాక్‌కు, మ్యాక్ మినీకి టచ్ బార్ లేదు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి విడి కీబోర్డు తగిలించుకునేవారి చేతికి అది అందదు. అందుకే ఏ పనినైనా టచ్ బార్‌లో మాత్రమే దొరికేలా పెట్టవద్దని యాపిల్ తన మార్గదర్శకాల్లో డెవలపర్లకు చెప్పింది. ఆ సలహా సరైనదే. కానీ అలా చేస్తే టచ్ బార్‌లో ఉన్నవన్నీ వేరే చోట కూడా దొరుకుతాయి. ఇక దాని కోసం అదనంగా శ్రమపడటం ఎందుకని చాలామంది డెవలపర్లకు అనిపించడం సహజం. ఏడేళ్లలో యాపిల్ టచ్ బార్ ఉన్న విడి కీబోర్డు ఒక్కటీ తేలేదు. 2018 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో టచ్ ఐడీ పెట్టి, ఫంక్షన్ కీలను అలాగే ఉంచింది. అందరికీ నచ్చిన వేలిముద్ర సౌకర్యానికి పట్టీ అక్కర్లేదని దాంతో తేలిపోయింది.

వెనక్కి వేసిన అడుగులు

2019 నవంబర్‌లో వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఎస్కేప్ మళ్లీ అసలైన మీటగా తిరిగొచ్చింది. టచ్ బార్ ఆ మేరకు కురచైంది. బటర్‌ఫ్లై మీటలు కూడా పోయాయి. 2020 మే నెలలో 13 అంగుళాల మోడల్‌కూ అదే మార్పు వచ్చింది. 2021 అక్టోబర్ 18న ప్రకటించిన 14, 16 అంగుళాల మోడళ్లలో టచ్ బార్ పూర్తిగా పోయి, నిండు ఎత్తున్న ఫంక్షన్ కీలు వచ్చాయి. మ్యాగ్‌సేఫ్, హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు స్లాట్ కూడా వాటితో పాటే తిరిగొచ్చాయి. మీటల స్పర్శ వృత్తి నిపుణులకు ఇష్టమని యాపిల్ తన ప్రకటనలో స్వయంగా చెప్పుకుంది. 13 అంగుళాల మోడల్ ఒక్కటే 2022లో ఎం2 చిప్‌తో మరోసారి టచ్ బార్‌ను మోసి, మరుసటి ఏడాది నిష్క్రమించింది.

ఇది యాపిల్ ఒక్కదానికే ఎదురైన అనుభవం కాదు. అంతకు ముందే, 2014లో, లెనోవో తన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో ఫంక్షన్ కీలు తీసేసి పనిని బట్టి మారే టచ్ వరుస పెట్టింది. మరుసటి ఏడాది మోడల్‌లోనే మీటలను తిరిగి తెచ్చింది. ల్యాప్‌టాప్ ప్రపంచం దాటి చూస్తే సంగతి ఇంకా గంభీరమైనది. 2017 ఆగస్టులో సింగపూర్ సమీపంలో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్కెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని పదిమంది నావికులు మరణించారు. నౌకను నడిపే టచ్‌స్క్రీన్ ఏర్పాటులోని గందరగోళం కూడా ఆ ప్రమాదానికి ఒక కారణమని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత అమెరికా నౌకాదళం తన డిస్ట్రాయర్లలో వేగాన్ని నియంత్రించడానికి చేతితో కదిపే లివర్లను తిరిగి పెట్టాలని నిర్ణయించింది.

ఏం నేర్చుకోవాలి?

టచ్ బార్‌ను ఇష్టపడినవారికి కూడా నష్టమే జరిగింది. పాక్, బెటర్‌టచ్‌టూల్ వంటి ప్రోగ్రామ్‌లతో దాన్ని తమకు అనువుగా మలుచుకుని చాలా పనులు చేయించుకున్నవారు ఉన్నారు. ఫంక్షన్ కీలను అలాగే ఉంచి, వాటి పైన ఈ పట్టీని అదనంగా ఇచ్చి ఉంటే మెచ్చుకున్నవారికీ నొచ్చుకున్నవారికీ మధ్య పేచీయే ఉండేది కాదు. గొడవంతా పట్టీని పెట్టడం వల్ల రాలేదు, దాని కోసం మీటలను తీసేయడం వల్ల వచ్చింది. నిలకడగా ఉండాల్సిన పనులకు నిలకడైన మీట కావాలి. మారుతూ ఉండే పనులకు తెర ఎలాగూ ఎదురుగానే ఉంది.

వాడుకరులు గొణుగుతున్నారని తయారీదార్లు విసుక్కోకూడదు. ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన నేర్పు కూడా వాళ్ల ఆస్తే. దాన్ని తీసుకునేటప్పుడు బదులుగా అంతకు మించినదేదో ఇవ్వాలి.

ఇక కొనేవారికి ఒక మాట. టచ్ బార్ ఉన్న పాత మ్యాక్‌బుక్‌లు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. అలాంటిది కొనాలనుకుంటే పట్టీ చివరి నుంచి చివరి దాకా సమానంగా వెలుగుతోందా, మిణుకుమంటోందా, అన్నిచోట్లా స్పర్శకు స్పందిస్తోందా చూడండి. మీ పని కోడింగ్ అయితే ఎస్కేప్ మీట విడిగా ఉన్న 2019 చివరి, ఆ తర్వాతి మోడళ్లే ఎంచుకోండి. ల్యాప్‌టాప్ అయినా, కారు అయినా, కొత్తగా ఏం చేర్చారో చూసినంత శ్రద్ధగా ఏం తీసేశారో కూడా చూసి కొనండి.