నాన్నకూ ఓ నంబరు

వజ్రాల నగరం సూరత్‌లో పని పోయిన తండ్రుల కోసం కార్మిక సంఘం, సర్కారు కదిలాయి. సాయం మాత్రం స్కూలు ఫీజు గడప దాటడం లేదు

తండ్రి లేని ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేయడంలో సూరత్‌ది పెట్టింది పేరు. వ్యాపారి మహేశ్ సవాణీ ఏళ్ల తరబడి వందలాది మందికి తండ్రి స్థానంలో నిలబడి పెళ్లిళ్లు జరిపించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. సౌరాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డ పటేళ్లు సామూహిక వివాహాలతో ఆడపిల్లల తండ్రుల మీద అప్పు భారం తగ్గిస్తుంటారు. లేని తండ్రి లోటు తీర్చడం ఈ ఊరికి తెలిసిన విద్యే. ఉన్న తండ్రి కుంగిపోతే ఏం చేయాలన్నదే తెలియలేదు.

2024 జూలైలో డైమండ్ వర్కర్స్ యూనియన్ గుజరాత్ ఆ పనికి పూనుకుంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ముందు తమకు ఫోన్ చేయమంటూ కార్మికుల కోసం ఒక నంబరు ప్రకటించింది. అంతకు ముందు 16 నెలల్లో 65 మంది ఆత్మహత్య చేసుకున్నారన్నది సంఘం చెప్పిన లెక్క. కొన్ని వారాల్లోనే 1,600కు పైగా కాల్స్ వచ్చాయని కూడా సంఘం ప్రకటించింది. చేసినవాళ్లలో ఎక్కువ మంది మాట్లాడింది చావు గురించి కాదు. ఎక్కడైనా పని ఇప్పించమన్నారు. ఇంటి అద్దె, అప్పు కిస్తీ, పిల్లల ఫీజు గురించి చెప్పుకున్నారు. సంఘం కొందరికి పని చూపించింది, దాతల సాయంతో కొందరు పిల్లల ఫీజులు కట్టించింది. మనసు కుదుటపరచడానికి పెట్టిన నంబరు కాస్తా ఉపాధి కార్యాలయంలా మారింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇంటి పెద్ద కుంగుబాటుకు మూలం ఖాళీ జేబే అయినప్పుడు ఓదార్పు మాటలు ఎంతసేపు నిలుస్తాయి?

ప్రపంచంలో సానపెట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగా వెళ్లేవేనని చెబుతారు. ప్రపంచంలోనే అతి పెద్ద కార్యాలయ భవనమైన సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించింది 2023 డిసెంబరులో. సరిగ్గా అప్పటికే సానపట్టే చక్రాలు నెమ్మదించడం మొదలైంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా వజ్రాలపై ఆంక్షలు పడ్డాయి, చైనాలో గిరాకీ సన్నగిల్లింది, ప్రయోగశాలలో తయారైన వజ్రాలు ధరలను పడగొట్టాయి. 2024 ఆగస్టులో కిరణ్ జెమ్స్ దాదాపు 50,000 మంది సిబ్బందికి పది రోజుల సెలవు ప్రకటించింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరింది.

గుజరాతీలో వీళ్లను రత్నకళాకారులంటారు. పేరు ఘనమే, బతుకు మాత్రం రాయికింత అన్న లెక్కన సాగుతుంది. చాలామందికి నియామక పత్రం ఉండదు, పీఎఫ్ ఉండదు. రాళ్లు తక్కువ వస్తే కూలీ తగ్గుతుంది, అసలు రాకపోతే దీపావళి సెలవులు పొడుగవుతాయి. పని నుంచి తీసేశామని ఎవరూ చెప్పరు, రమ్మని కూడా పిలవరు. తమ మీద వృత్తి పన్ను ఎత్తేయాలని, కూలీ పెంచాలని 2025 మార్చి చివర్లో వాళ్లు సమ్మెకు దిగి ఊరేగింపు తీశారు.

ఆ మే నెలలో గుజరాత్ ప్రభుత్వం సాయం ప్రకటించింది. పని పోయిన కార్మికుల పిల్లలకు ఏడాదికి 13,500 రూపాయల దాకా స్కూలు ఫీజు భరిస్తామంది. చిన్న యూనిట్లకు రుణంపై వడ్డీ రాయితీ ఇస్తామంది. దరఖాస్తులు పదుల వేలల్లో వచ్చిపడ్డాయి. పీఎఫ్ చీటీ కూడా లేనివాడు తనకు పని ఉండేదని, అది పోయిందని కాగితాల మీద రుజువు చేసుకోవడమే పెద్ద పరీక్ష. అయినా ఈ పథకంలో ఒక తెలివి ఉంది. తన కోసం చేయి చాచడానికి సిగ్గుపడే మగవాడు బిడ్డ ఫీజు కోసమైతే వరుసలో నిలబడతాడు. అది దానం పుచ్చుకున్నట్టు అనిపించదు, తండ్రిగా తన పని తాను చేసినట్టే ఉంటుంది.

కానీ ఫీజు కట్టాక అదే తండ్రి ఇంటికి వెళ్లాలి. రోజంతా సానచక్రం దగ్గర గడిపి రాత్రి పిల్లలు నిద్రపోయే వేళకు వచ్చేవాడు, ఇప్పుడు పొద్దంతా ఇంట్లోనే ఉంటాడు. చీరలకు రాళ్లు అతికిస్తూ భార్య తెచ్చే నాలుగు డబ్బులే ఆధారమైతే మాటామాటా పెరుగుతుంది. ఈ భాగం ఏ పథకంలోనూ లేదు. 2009 మాంద్యంలో రాష్ట్ర ప్రభుత్వం రత్నదీప్ పేరిట శిక్షణ ఇచ్చినప్పుడూ చేతికి నైపుణ్యం గురించే ఆలోచించింది.

బయట దీనికి నమూనాలున్నాయి. పిల్లల పెంపకం, దాంపత్యం, ఉపాధి మూడింటినీ కలిపి తండ్రులకు సాయపడే కార్యక్రమాలకు అమెరికా ప్రభుత్వం 2005 నాటి చట్టం కింద ఏటా నిధులిస్తూ వచ్చింది. అంత డబ్బు లేని రువాండా మరింత దగ్గరి పాఠం. అక్కడ ‘బందెబెరెహో’ కార్యక్రమంలో చిన్న పిల్లల తండ్రుల్ని, కాబోయే తండ్రుల్ని జట్లుగా కూర్చోబెట్టి మాట్లాడించారు, కొన్ని విడతలకు భార్యల్నీ పిలిచారు. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆ ఇళ్లలో భార్యలపై హింస, పిల్లల్ని కొట్టడం తగ్గాయి. ఇంటి పనిలో మగవాళ్ల పాలు పెరిగింది. పెళ్లి పందిళ్లకు వేల మందిని కూడగట్టగల సూరత్ సమాజాలకు పదిహేను మంది తండ్రుల్ని ఓ గదిలో కూర్చోబెట్టడం పెద్ద పనేమీ కాదు. ఆ పందిళ్లలో ఒకటి రెండు తగ్గినా నష్టం లేదు.

ఈ ఊళ్లో తెలుగు తండ్రులూ తక్కువేం కాదు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వైపు తరాలుగా ఉంటున్నాయి. సిరిసిల్లలో సాంచాలు ఆగితే ఏమవుతుందో వీళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బతుకమ్మ చీరల ఆర్డర్‌తో 2017 నుంచి నిలదొక్కుకున్న ఆ పట్టణం, 2024లో అది ఆగిపోగానే మళ్లీ చావు వార్తలు విన్నది. సూరత్‌లో మగ్గం ఆగినా మీటరు లెక్క కూలీయే ఆగుతుంది. వజ్రాల వాళ్ల కోసం ప్రకటించిన ఫీజు సాయం వీళ్లకు వర్తించదు. సంఘం ఇచ్చిన నంబరూ వజ్రాల కార్మికులను ఉద్దేశించిందే. వీళ్ల పిల్లల కోసం నగర కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. తండ్రి తన గోడు తెలుగులో చెప్పుకోవడానికి అలాంటి చోటును ఇంకా ఎవరూ తెరవలేదు.