జీతంలో కోత - పింఛను కథ

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో కోత అంటే పండగ. పంట ఇంటికి చేరే రోజులవి. మా బాబాయి నోట మాత్రం ఆ మాట వేరే అర్థంలో వినిపించేది. ఆయన పట్నంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఊరికొచ్చినప్పుడల్లా "జీతం ఫర్వాలేదురా, ఈ పి.ఎఫ్. కోత లేకపోతే ఇంకా బాగుండేది" అనేవాడు.

నిరుడు ఆయనకు 58 నిండాయి. పింఛను వస్తుందేమో కాస్త కాగితాలు చూసిపెట్టమని నన్ను కూర్చోబెట్టాడు. చూస్తే సంగతి ఇదీ: అంతకుముందు ఇంకో మిల్లులో ఎనిమిదేళ్ళ రెండు నెలలు చేసి, 2009లో మానేశాడు. అప్పుడు పి.ఎఫ్. సొమ్ముతో పాటు పింఛను పద్దులో ఉన్నది కూడా తీసేసుకొని పొలంలో బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. తరువాత ఈ ఫ్యాక్టరీలో ఆరేళ్ళు చేశాడు. మొత్తం పద్నాలుగేళ్ళ చాకిరీ. పింఛను మాత్రం లేదు.

ఎందుకు లేదో తెలుసుకోవడానికి నేను నాలుగు పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది. మనలో చాలామందిమి రేపో మాపో ఉద్యోగాల్లో చేరబోయేవాళ్ళం కాబట్టి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగుల భవిష్యనిధి చట్టం 1952లో వచ్చింది. ఇరవై మంది, ఆపైన పనిచేసే సంస్థలకు వర్తించే పథకం ఇది. 1971లో దానికి కుటుంబ పింఛను తోడైంది. దాని స్థానంలో 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది. సాధారణంగా ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 12 శాతం జీతంలోంచి పట్టుకుంటారు. యజమాని కూడా తన వంతుగా మరో 12 శాతం కట్టాలి. ఆ వాటాను ఉద్యోగి జీతంలోంచి రాబట్టుకోకూడదని చట్టంలోనే ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడేది. మన జీతంలోంచి కోసిన 12 శాతం అంతా పి.ఎఫ్. ఖాతాకే పోతుంది. పింఛనుకు అందులోంచి పైసా పోదు. పింఛనుకు పోయేది యజమాని వాటాలోని 8.33 శాతం. మిగిలిన 3.67 శాతం మళ్ళీ పి.ఎఫ్.కే. ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. మరి కోతకూ పింఛనుకూ సంబంధం ఏమిటి? ఉంది. ఏ వేతనం మీద మనకు కోత పడుతుందో, సాధారణంగా ఆ వేతనం మీదే పింఛను వాటా కూడా లెక్కకడతారు. కోత చిన్నదైతే పింఛనూ చిన్నదే. అసలు కోతే లేకపోతే అదీ లేదు.

పింఛను లెక్క చాలా తేలిక. చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్ళు నిండితే రెండేళ్ళు అదనంగా కలుపుతారు. వేతనానికి ఒక హద్దు ఉంది. 2014 సెప్టెంబరు 1న దాన్ని 6,500 నుండి 15,000 రూపాయలకు పెంచారు. కింది లెక్కలు ఆ హద్దు ప్రకారం వేసినవే.

ఆ తేదీ తరువాత చేరిన ఇద్దరిని తీసుకుందాం. ఇద్దరికీ నెలకు 15,000. మొదటివాడికి అదంతా మూలవేతనమే. కోత 1,800. యజమాని కట్టే 1,800లో 1,250 పింఛనుకు, 550 పి.ఎఫ్.కు. రెండోవాడికి మూలవేతనం 9,000 మాత్రం చూపి, తక్కిన 6,000 రకరకాల భత్యాలుగా రాశారనుకోండి. అతని కోత 1,080. నెల నెలా 720 రూపాయలు చేతికి ఎక్కువ వస్తాయి. సంతోషమే. కాని అతని పింఛను పద్దుకు పడేది 750 రూపాయలే.

అదే జీతంతో ఇరవై ఏళ్ళు గడిచాయనుకుందాం. మొదటివాడి పింఛను 15,000ను 22తో గుణించి 70తో భాగిస్తే 4,714 రూపాయలు. రెండోవాడికి 2,829. తేడా నెలకు 1,885 రూపాయలు, బతికినంత కాలం. పి.ఎఫ్.లో తన వంతు 720, యజమాని వంతులో 220 ప్రతి నెలా తగ్గిన సంగతి దీనికి అదనం. యజమానికి మాత్రం నెలకు 720 మిగిలాయి!

జీతాన్ని ఇలా ముక్కలు చేయడం మీద 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందరికీ మామూలుగా ఇచ్చే ప్రత్యేక భత్యం మూలవేతనంలో భాగమేనంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం, మినహాయించే భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కపెట్టాలి.

ఇక రెండో సంగతి, సర్వీసు. నెలవారీ పింఛనుకు కనీసం పదేళ్ళు ఉండాలి. 58 ఏళ్ళకు పూర్తి పింఛను. 50 దాటాక ముందుగానూ తీసుకోవచ్చు గాని, ముందుకు జరిగిన ఒక్కో ఏడుకు 4 శాతం చొప్పున తగ్గిస్తారు. పదేళ్ళు నిండకుండా మానేసినవాడికి రెండు దారులున్నాయి: పింఛను సొమ్ము తీసేసుకోవడం, లేదా స్కీం సర్టిఫికెట్ తీసుకోవడం. సొమ్ము తీసుకుంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది. సర్టిఫికెట్ తీసుకుంటే తరువాతి ఉద్యోగపు సర్వీసుతో కలుస్తుంది. మా బాబాయి విషయంలో జరిగిందిదే. ఎనిమిదేళ్ళు చెరిగిపోయి ఆరే మిగిలాయి. సర్టిఫికెట్ తీసుకొని ఉంటే పద్నాలుగేళ్ళయ్యేవి, నెలకు పదిహేను వందల పైచిలుకు వచ్చేది. పెద్ద మొత్తమేమీ కాదు. కాని మందుబిళ్ళల కోసం కొడుకు ముందు చెయ్యి చాపకుండా ఉండటానికి ఆ మాత్రం చాలు. విత్తనాల వడ్లు వండుకు తిన్నట్లయింది ఆయన పని.

మూడోది, మనం తలుచుకోవడానికి ఇష్టపడనిది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ళ వయసు దాకా కొంత వస్తుంది. దీనికి పదేళ్ళ నిబంధన లేదు. "కోత వద్దు, మొత్తం చేతికివ్వండి" అని లెక్కల్లోకి ఎక్కకుండా పనిచేసేవాళ్ళు ఇంటిల్లిపాదికీ ఉన్న ఈ ఆసరాను వదులుకుంటున్నారు.

డిగ్రీ చేసిన మనకు మరో మెలిక ఉంది. 2014 సెప్టెంబరు 1 తరువాత తొలిసారి చేరేవారికి మొదటి నుంచే మూలవేతనం హద్దు దాటి ఉంటే పింఛను పథకంలో చోటు లేదు. పి.ఎఫ్.లో చేరితే యజమాని వాటా అంతా ఆ ఖాతాకే పోతుంది. అలాంటివారు ముసలితనానికి వేరే ఏర్పాటు చూసుకోవాల్సిందే.

చీటీలో కోత కనిపించినంత మాత్రాన సొమ్ము జమ అయిందని అనుకోకూడదు. పన్నెండంకెల యు.ఏ.ఎన్. నంబరుతో పాస్‌బుక్ ఎవరైనా చూసుకోవచ్చు. కోసిన సొమ్ము కట్టకుండా ఉంచుకోవడం నేరం. కాంట్రాక్టు కార్మికుల విషయంలో కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని బాధ్యుడు.

కనుక మిత్రులారా, మొదటి జీతం చీటీ చేతికొచ్చిన రోజున "చేతికెంత?" అన్న ప్రశ్నతో ఆగిపోవద్దు. మూలవేతనం ఎంత చూపారు, పింఛను పద్దులో ఎంత పడింది, పాస్‌బుక్‌లో జమ అయిందా, ఈ మూడూ చూసుకోండి. ఉద్యోగం మారితే పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకోండి.

మా బాబాయి కొడుకు, మా అన్నయ్య, ఒక కంపెనీలో నాలుగో ఏడు చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, ఆ పని మాని వేరే చోట చేరుతున్నానని, పాత సొమ్ము తీసి బండి కొంటానని చెప్పాడు. నేను నోరు తెరిచేలోగా బాబాయే అందుకున్నాడు: "బండి తరువాత కొనుక్కోవచ్చు. ముందు ఆ నాలుగేళ్ళూ కొత్త కంపెనీ లెక్కలోకి ఎక్కించుకో. నా బోరు చూశావుగా."