పండుగ పూట కనిపించని ముసలితనం

కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు తరలిపోయిన కుటుంబాలకు, ఏడాది పొడవునా ఫోనులో గొంతు మాత్రమే వినిపించే తల్లిదండ్రులను, బంధువులను ఒకే ప్రయాణంలో కళ్లారా చూసుకునే సందర్భం సంక్రాంతి. జనవరి రెండో వారంలో 65వ నంబరు జాతీయ రహదారిపై పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరే కార్లు, 60 రోజుల ముందు రిజర్వేషను తెరవగానే నిండిపోయే గోదావరి, గౌతమి ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆ ఆరాటం ఎంతటిదో చెబుతాయి. అయితే ఇంత శ్రమపడి ఊరు చేరినవారికి తల్లిదండ్రుల నిజమైన స్థితి కనిపించడం మాత్రం అరుదు.

ఇందుకు పండుగ స్వభావమే కొంత కారణం. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే రోజు సంక్రాంతి. దానికి ముందు రోజు భోగి, తరువాతి రోజు పశువులను పూజించే కనుమ, ఆపైన ముక్కనుమ. భోగి మంటలు, పిల్లలకు భోగిపళ్లు, గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకోవడం, అత్తవారింటి పిలుపులు, మేనమామ ఇంటి భోజనాలు కలిసి పగళ్లన్నిటినీ తీసేసుకుంటాయి. డెబ్బై ఏళ్ల తల్లి మోకాళ్ల నొప్పిని దిగమింగి పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వండుతుంది. తండ్రి వెల్ల వేయించిన అరుగు మీద అందరినీ నవ్వుతూ పలకరిస్తాడు. ఆ నాలుగు రోజుల ఇల్లు తక్కిన ఏడాది ఇల్లు కాదు.

పెద్దలు తమ బాధను పిల్లలకు చెప్పకపోవడం, పనులు మానుకుని పరుగెత్తుకొస్తారేమోనన్న ప్రేమ వల్లనే. కాబట్టి అడిగి తెలుసుకునే దానికన్నా చూసి తెలుసుకోవలసినదే ఎక్కువ: అయిపోవలసిన బీపీ మాత్రలు పెట్టెలో మిగిలి ఉండటం, చేతి గాజులు వదులవడం, టీవీ శబ్దం పెరగడం, చీకటి పడగానే తండ్రి గడప దాటడానికి తడుముకోవడం. ఈ చివరిది శుక్లం, అంటే కంటిలోని కటకం మసకబారడం కావచ్చు. చిన్న శస్త్రచికిత్సతో ఆ చూపు తిరిగి వస్తుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగిస్తే జారిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదం తగ్గుతుంది.

బంధువుల ఇళ్లకు వెళ్లడాన్ని మొక్కుబడిగా భావించడం ఈ తరం చేస్తున్న పెద్ద పొరపాటు. అర్ధరాత్రి తండ్రికి గుండెలో నొప్పి వస్తే ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చేది పక్క వీధిలోని బాబాయి కొడుకే గాని, అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న కన్నకొడుకు కాదు. వృద్ధులను ఊళ్లో నిలబెడుతున్నది ఈ చుట్టరికమే. దానికి ఏడాదికొకసారైనా ఒక గంట కూర్చుని మాట్లాడే గౌరవం దక్కాలి. గట్టు తగాదాతోనో, పెళ్లిలో జరిగిన మాటపట్టింపుతోనో రెండు ఇళ్ల మధ్య రాకపోకలు తెగిపోతే, ఆ ఒంటరితనాన్ని అనుభవించేది ఊళ్లో మిగిలిన ముసలివారే. పిల్లలు ముందుగా ఆ గడప తొక్కి పెదనాన్నకు దండం పెడితే, పెద్దలు సొంతంగా దాటలేని ఆ దూరం తగ్గుతుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోట చేరే ఈ రోజుల్లోనే ఆస్తి పంపకాల మాట కూడా వస్తుంది. పంపకం కంటే ముందు సంరక్షణ ఎవరిదో తేలాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టం పోషణను పిల్లల బాధ్యతగా నిర్దేశించింది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని ఆ మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరే హక్కును 23వ సెక్షన్ పెద్దలకు ఇచ్చింది. సంరక్షణలో వైద్యమూ భాగమే. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఆధార్‌తో చేసే ఆ నమోదు పెద్దలకు కష్టమనిపించినా, ఇంటికి వచ్చిన మనవడికి కాసేపటి పని.

కనుమ నాడు కాకైనా కదలదని తెలుగువారి సామెత. చాలామంది ఆ రోజు సాయంత్రానికే కార్లలో సామాను సర్దుతున్నారు. వీలున్నవారు ఈసారి తిరుగు ప్రయాణాన్ని ముక్కనుమ దాటాక పెట్టుకోండి. చుట్టాలు వెళ్లిపోయాక, పిండివంటల హడావిడి సద్దుమణిగాక వచ్చే ఆ మామూలు రోజును అమ్మానాన్నలతో గడపండి.